పాపకు పువ్వొచ్చిందంట

నేను ఫోటో తీసిన మొదటి పువ్వు ఎర్ర మందారం. కర్నూలు పక్కన కల్లూరులో మేము అద్దెకున్న ఇంటి పెరట్లో, బట్టలుతికే బండ పక్కన ఉండేది ఆ చెట్టు. గాజు ప్లేటు కడిగి, కాగితం మీదికి ఎక్కించి చూసుకుంటే పువ్వు నల్లగా వచ్చింది. నా చేతగానితనమే అనుకుని మళ్ళీ తీశాను. మళ్ళీ నల్లగానే వచ్చింది. గులాబీ తీస్తే అదీ అంతే. ఆ కాలం ప్లేట్లకు ఎరుపు పట్టదనీ, ఎరుపన్నది వాటికి చీకటితో సమానమనీ చాలా రోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు. మా ఆవిడ ఆ ఫోటోలు చూసి, "మీ పెట్టె శానా బాగుండాది. పూసిన పువ్వునంతా మాడబెడతాండాది" అనేది.

ఇది రెండో యుద్ధం మొదలవడానికి నాలుగైదేళ్ళ ముందు మాట. అప్పుడు నేను కర్నూలులో మిషన్ బడిలో తెలుగు అయ్యవారిని. మా నాన్న కూలిపని చేసుకుని బతికినవాడు. పాదిరిగారి చలవ వల్ల నాకు నాలుగక్షరాలు వచ్చాయి. వచ్చిన ఆ నాలుగక్షరాల మీద నాకు పొగరు కూడా ఉండేది, దాచుకోవడం దేనికి. పిల్లలు విభక్తుల దగ్గర తడబడితే బెత్తం అందుకునేవాణ్ణి. ఒక్క 'కు' తప్పితే అర్థమంతా తప్పుతుందిరా అని గొంతు చించుకునేవాణ్ణి.

ఆ కెమెరా పెట్టె కర్నూలు ఆస్పత్రిలో చాలాకాలం పనిచేసిన డాక్టరు దొరది. ఆయనకు రెండేళ్ళపాటు సాయంత్రాలు తెలుగు చెప్పాను. తన దేశానికి వెళ్ళిపోతూ, నా జ్ఞాపకంగా ఉంచుకో అని దాన్ని నా చేతుల్లో పెట్టాడు. మడతలు మడతలుగా సాగే తోలు తిత్తి, ముందు గుండ్రటి అద్దం, మూడు కాళ్ళ కర్ర స్టాండు, తల మీద కప్పుకోవడానికి నల్లగుడ్డ. దొర దాంతో పువ్వులు తీయలేదు. రోగుల గడ్డలూ పుండ్లూ ఫోటో తీసి తన దేశంలోని డాక్టర్లకు పంపించేవాడు. అందుకని చుట్టుపక్కల పల్లెల్లో ఆ పెట్టెను చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. దొర గుడ్డ కప్పుకుని అద్దంలోంచి రోగిని చూస్తాడు, కొన్నాళ్ళకు రోగం నయమవుతుంది. వాళ్ళకు తెలిసింది అంతవరకే. నా చేతికి వచ్చాక కూడా జనం దాన్ని దొర పెట్టె అనే అన్నారు. ఆ మాట వినబడితే నాకు గొప్పగా ఉండేది.

మా సీమలో వసంతం నెల రోజుల ముచ్చట. చలి విరిగి వేప చిగురు వేసే వేళకు మొదలై, ఉగాది దాటి పది రోజులు కాకముందే ఎండల పాలవుతుంది. ఆ నెలలోనే పెరట్లో ఉన్నవన్నీ ఒక్కసారిగా పూసేవి. మందారం, గన్నేరు, నూరువరహాలు, రెండు గులాబీ చెట్లు, దడి మీదికి పాకిన మల్లెతీగ. తాగే నీళ్ళు హంద్రీ ఏటి ఇసుకలో చెలమ తవ్వి తెచ్చుకునేవాళ్ళం. గిన్నెలు కడిగినవీ, ఒళ్ళు కడుక్కున్నవీ చెట్లకు పోసేవాళ్ళం. అంత కష్టపడి పెంచితే పొద్దున విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి వాలిపోయేది. దాన్ని ఎట్లాగైనా నిలుపుకోవాలని నాకు పట్టుదల. పిల్లలు లేని ఇల్లు మాది. మా ఆవిడ పుట్టింటికి పోతే ఆ పెరడు తప్ప నాకు పలకరించే దిక్కుండేది కాదు. అందుకే అంత పిచ్చి పట్టిందేమో.

తెల్లవారి గాలి లేవకముందే తీయాలి. పువ్వు వెనక గొర్రె కంబళి కట్టేవాణ్ణి. ఎంచుకున్న మొగ్గకు ముందురోజు నుంచే ఎండ తగలకుండా తడిగుడ్డ కప్పేవాణ్ణి. పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించేవాణ్ణి. పురుగు పడుతోందని మా ఆవిడ పొగాకు నీళ్ళు చల్లబోతే రేకుల మీద మరకలవుతాయని కసురుకునేవాణ్ణి. నల్లగుడ్డ కింద దూరి చూస్తే అద్దంలో పువ్వు తలకిందులుగా కనిపించేది. ఊపిరి బిగబట్టి, అద్దం మీది మూత తీసి, రెండంకెలు లెక్కపెట్టి మూత పెట్టేయాలి. ఈలోగా రేకు కాస్త కదిలినా ప్లేటు దండగ.

ఎర్రవన్నీ నల్లగా వస్తుంటే నాకు ఒకటే కోరిక మిగిలింది. ఒక పెద్ద తెల్లపువ్వు కావాలి. మల్లెలు మరీ చిన్నవి. తెల్ల గన్నేరు మా వీధిలోనే లేదు. కనిపించినవాళ్ళనల్లా మీ ఊళ్ళో తెల్లపువ్వు ఏదైనా ఉందా అని అడిగేవాణ్ణి.

మా ఇంటికి నెలకోసారి ఒక గాజులాయన వచ్చేవాడు. కర్నూలు సాయిబు. కోడుమూరు దాకా పల్లెపల్లె తిరిగి గాజులు తొడిగేవాడు. అరుగు మీద కూర్చుని గాజుల మలారం విప్పుతూ, "అయ్యోరు యాడికి పోయినాడమ్మా?" అని అడిగేవాడు. "యాడికి పోతాడు, పెరట్లో పువ్వులు తీస్తాండాడు" అనేది మా ఆవిడ. "దొర పెట్టెతోనా?" "దాంతోనే. తెల్లారినప్పటి నుంచీ తీస్తానే ఉండాడు." ఈ మాటలు పెరట్లో ఉన్న నాకు వినబడేవి. నవ్వుకునేవాణ్ణి.

మన భాషలో ఫోటో తీస్తాం. ముల్లూ తీస్తాం, పన్నూ తీస్తాం. కంటి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ పడితే, కంట్లో పువ్వు పడిందంటాం, పువ్వొచ్చిందంటాం. మా జేజికి, అంటే మా నాన్నమ్మకు, ఎడమకంట్లో పువ్వుండేది. ఆమె చంకలో పెరిగినవాణ్ణి నేను. ఆ మాట తెలియదని నేను అనడానికి వీల్లేదు. గాజులాయన మాత్రం తను విన్నది విన్నట్టే పల్లెల్లో చెప్పాడు. కల్లూరులో ఒక అయ్యవారు ఉన్నాడు, డాక్టరు దొర తన పెట్టె ఆయనకే ఇచ్చిపోయాడు, ఆయన దాంతో పువ్వులు తీస్తాడు. ఇందులో ఒక్క అబద్ధం లేదు.

ఉగాదికి ఇంకా మూడు వారాలున్నాయనగా ఒకరోజు పొద్దున్నే ఆయన వచ్చాడు. మలారం దించకుండా నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"కోడుమూరు అవతల పల్లెలో ఒగామె కబురు జెప్పమనింది అయ్యోరా. పాపకు పువ్వొచ్చిందంట. మీరు తీస్తారని నేనే జెప్పినా. ఎప్పుడు తోడుకొని రమ్మంటారు?"

"ఏం పువ్వప్పా?"

"తెల్లపువ్వు."

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. "ఎంత ఉంటుంది?" అన్నాను.

"ఇప్పుడైతే చిన్నదే. దినదినానికీ పెద్దదయితాండాదంట."

అంతే, ఎవరో ఒక చిన్నపిల్ల పెంచుకుంటున్న మొక్క నా కళ్ళ ముందు నిలబడింది. ఆ ఎండు పల్లెలో ఏ బావి గట్టునో, నేను పేరు కూడా ఎరగని తెల్లపువ్వు మొగ్గ తొడిగి ఉంటుంది. నా దగ్గర ప్లేట్లు అయిపోయాయి. మద్రాసు అంగడికి ఉత్తరం రాశాను గానీ పార్సిలు రావడానికి రోజులు పడుతుంది.

"తొందరేం లేదప్పా" అన్నాను. "ఇంకా పెద్దది కానీ. ఉగాది అయినాక మూడోరోజు రమ్మను. అంతవరకు ఎండ తగలకుండా తడిగుడ్డ కప్పి పెట్టమను. పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరిస్తా ఉండమను. ఎవరినీ చెయ్యి పెట్టనీయొద్దు. మందూ మాకూ ఏదీ వెయ్యొద్దు, పాడైపోతుంది."

"తీసేదానికి ఎంతసేపు పడతాది?"

"రెప్పపాటు."

"మీకు పుణ్యముంటాది" అని ఆయన వెళ్ళిపోయాడు. పువ్వును ఫోటో తీస్తే పుణ్యమేమిటని కూడా నాకు తోచలేదు. నా పని విలువ తెలిసిన మనిషి ఒకడున్నాడు అనుకున్నాను.

ఆ నాలుగు మాటలనూ నేను తర్వాత ఎన్నిసార్లు విడదీసి చూసుకున్నానో చెప్పలేను. 'పాపకు' అన్నాడు. పాప మొక్కకు అనలేదు. 'తోడుకొని రమ్మంటారు' అన్నాడు. మనిషిని తోడుకొని వస్తారు గానీ పువ్వును ఎవరైనా తోడుకొని వస్తారా? బడిలో ఏ పిల్లవాడైనా ఆ పొరపాటు చేస్తే చేయి వాచేట్టు కొట్టేవాణ్ణే. నాకు తెల్లపువ్వు కావాలి కాబట్టి నాకు తెల్లపువ్వు ఒక్కటే వినబడింది.

ఆ మూడు వారాలూ అక్కడ ఏం జరిగిందో ఆ తల్లి తర్వాత నాకు తనే చెప్పింది. పాపకు అయిదేళ్ళు. మాఘంలో తట్టు పోసింది. జ్వరం తగ్గింది గానీ కుడికన్ను ఎర్రబడి, నల్లగుడ్డు మీద నూకగింజంత తెల్లగా లేచింది. వాళ్ళూ మాలాగే కిరస్తానీవాళ్ళే, చేలల్లో కూలికి పోయేవాళ్ళు. ప్రార్థన చేయించడానికి వచ్చిన బైబిలమ్మ ఆ కన్ను చూసి, ఆలస్యం చెయ్యకుండా కర్నూలు ఆస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పింది. పత్తిబండి ఒకటి పోతుంటే ఎక్కుదామని తల్లి గుడ్డలు మూటగట్టుకుంది. ఆరోజే గాజులాయన నా మాట తీసుకుని పల్లెకు పోయాడు.

ఆమె మూట విప్పేసింది. పెద్దదైనాకనే తీస్తాడంటే ఆమెకు వింతేమీ అనిపించలేదు. కంట్లో శుక్లాన్ని ముదిరినాకే తీస్తారని అందరికీ తెలుసు, పువ్వు కూడా అంతేనేమో అనుకుంది. ఇంట్లో ఉన్న చుక్కలమందు పక్కన పెట్టేసింది. పొద్దునా సాయంత్రం కుండలో చల్లటి నీళ్ళు తీసి కంట్లో చిలకరించింది. తడిగుడ్డ కట్టింది. పాప నొప్పికి ఏడ్చి గుడ్డ పీక్కోబోతే చేతులు పట్టుకుని కూర్చుంది. "ఒగ్గపూట గూడా తప్పలేదు అయ్యోరా" అంది నాతో.

ఉగాది మా పండగ కాకపోయినా ఊరి రోజులన్నీ దానితోనే లెక్క. మూడోరోజు పొద్దున్నే పెరట్లో కంబళి కట్టి, స్టాండు నిలబెట్టి, కొత్త ప్లేట్ల పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కుండీలో తెస్తారా, తెంపి తెస్తారా అని ఆలోచిస్తున్నాను. వాకిట్లో అలికిడైతే లేచి వెళ్ళాను. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి, మోకాళ్ళ దాకా దుమ్ము. చంకలో ఒక పాప తల వాల్చుకుని ఉంది. ముఖానికి అడ్డంగా తడిగుడ్డ కట్టి ఉంది. ఆమె చేతుల్లో ఇంకేమీ లేదు.

"పువ్వేదమ్మా?" అన్నాను.

"ఈడ" అని ఆమె గుడ్డ పైకెత్తింది.

ఆ కన్ను ఎట్లా ఉందో నేను రాయను. చూసిన క్షణంలోనే నాకు అంతా అర్థమైంది. గాజులాయన మాటలు, నా మాటలు, ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆమె నా వెనకాల పెరట్లో ఉన్న పెట్టెను చూసింది. నన్ను దాటుకుని పోయి, కంబళి ముందు నేల మీద కూర్చుని, పాపను ఒళ్ళో పెట్టుకుని, తలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఆ అద్దం వైపు తిప్పింది. "కదలొద్దు నాయనా. రెప్పపాటు పనేనంట" అని పాపకు చెప్పింది. పాప ఏడవలేదు. ఎంత చెబితే అంత వినే బిడ్డ.

నేను ఆ పాపను ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాను. తల్లి నా వెంట పరుగెత్తింది. దారిన పోతున్న జట్కాను ఆపి ఆస్పత్రికి పోనిమ్మన్నాను. దారి పొడుగునా ఆమె ఏమీ అడగలేదు. ఆస్పత్రిలో కూడా నేనే తీస్తాననుకుందేమో.

దొర స్థానంలో వచ్చిన డాక్టరు చిన్న వయసువాడు, మన దేశస్థుడే. పాపను బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు చూశాడు. కుడికంటి నల్లగుడ్డు చిల్లి పడిందని, ఇక చూపు రాదని చెప్పాడు. ఎడమ కంటి అంచున కూడా మొదలైందని, దాన్ని మాత్రం కాపాడటానికి చూస్తానని అన్నాడు.

"ఇది పువ్వు కాదమ్మా, పుండు. మూడు వారాల ముందు తెచ్చి ఉంటే మానేది. చిన్న మచ్చ మిగిలేదేమో గానీ చూపుండేది" అని, చేతిలోకి ఆ తడిగుడ్డ తీసుకుని, "ఇది ఎవరు కట్టమన్నారు? నీళ్ళు ఎవరు చల్లమన్నారు?" అని అడిగాడు.

"మా అయ్యోరే జెప్పినాడు" అని ఆమె నన్ను చూపించింది. ఆ గొంతులో నింద లేదు. నా మాట తు.చ. తప్పకుండా పాటించానన్న సంతోషమే ఉంది.

డాక్టరు నావైపు తిరిగాడు. "మీరా మాస్టరుగారూ?"

"పల్లెవాళ్ళు కదండీ, ఎవరో ఏదో చెప్పుంటారు. ఈమె నా పేరు కలుపుకుంది" అన్నాను.

అవును, ఆ మాట అన్నాను. తడుముకోకుండా అన్నాను. బడిలో నా ఉద్యోగం, పాదిరిగారి గుడిలో నా మర్యాద, అన్నీ ఆ ఒక్క క్షణంలో గుర్తొచ్చాయి. ఆమె నా ముఖంలోకి చూసింది. చదువుకున్నవాళ్ళ మాటల్లో ఏదో కారణం ఉంటుందనుకుందో ఏమో, తల వంచుకుని ఊరుకుంది.

పన్నెండు రోజులు వాళ్ళు ఆస్పత్రిలో ఉన్నారు. ఇంటికి పోయి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె పెరట్లోకి పోయి కంబళి విప్పి మడతపెట్టింది. సంగటీ పప్పూ చేసి పట్టుకుని నడుచుకుంటూ ఆస్పత్రికి పోయింది. ఆ తర్వాత రోజూ పోయేది. పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని చేపనూనె తాగించేది. ఆ కంపుకు పాప మూతి తిప్పుకుంటే బెల్లం ముక్క చూపించి బతిమాలేది. నేను సాయంత్రం బడి వదిలాక పోయేవాణ్ణి. తల్లి నన్ను చూడగానే లేచి నిలబడేది. పక్క మంచాల వాళ్ళతో, "మా అయ్యోరు. జట్కాలో ఎత్తుకొచ్చింది ఈయప్పే. ఎడమకన్ను నిలిచిందంటే ఈయప్ప పుణ్యమే" అని చెప్పేది. నేను పాప మంచం చివర కూర్చుని గోడ చూస్తుండేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో నాకు ఆ పన్నెండు సాయంత్రాలలో తెలిసింది.

"ఆ యమ్మకు జెప్పినారా?" అని మా ఆవిడ రోజూ అడిగేది. రేపు చెప్తాలే అనేవాణ్ణి. డాక్టరు ఇంక పొమ్మన్న రోజు మా ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"రేపు బస్సెక్కుతారు. మీరు జెప్పకుంటే నేనే జెప్తా. పువ్వులు తీస్తాండాడని అనింది నేను గూడా గదా."

ఆమె అట్లా తన వంతు పాపం తను నెత్తిన పెట్టుకుంటుంటే నాకు ఇంక తప్పించుకునే దారి లేకపోయింది.

చివరి సంగతి చెప్పేముందు మిగతావి చెప్పేస్తాను. గాజులాయన ఆ నెల వచ్చినప్పుడు విషయం విని అరుగు మీద కూలబడ్డాడు. "నేను కన్ను అని జెప్పలేదా అయ్యోరా?" అన్నాడు. చెప్పలేదన్నాను. "నాకైతే జెప్పినట్లే ఉండాది" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆరోజు గాజులు తొడగకుండానే పోయాడు. ఆ పెట్టెను తుంగభద్రలో విసిరేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది, కానీ విసిరేయలేదు. ఆ ఏడాది ముట్టలేదు, మరుసటి ఏడు వేప చిగురు వేయగానే మళ్ళీ తీశాను. బెత్తం కూడా మానలేదు. 'కు' దగ్గర తప్పు చేసిన పిల్లల్ని మాత్రం ఆ తర్వాత కొట్టలేకపోయాను. బస్సెక్కి పోయినాక ఆ తల్లీబిడ్డలను మళ్ళీ చూడలేదు. పాప బతికి ఉంటే ఇప్పటికి నలభై దాటి ఉంటుంది.

ఇక ఆ మరుసటి రోజు సంగతి. కోడుమూరు బస్సు బయల్దేరడానికి ఇంకా సమయం ఉంది. గోడ నీడన మూట మీద కూర్చుంది ఆ తల్లి. పాప కుడికంటికి కట్టు ఉంది. ఎడమకంటితో వచ్చేపోయే ఎద్దులబండ్లను చూస్తోంది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. అయ్యవారు నేల మీద కూర్చోవడం చూసి ఆమె కంగారుపడి లేవబోయింది. కూర్చోమ్మా అని, అంతా చెప్పాను. నేను డాక్టరును కానని చెప్పాను. ఆ పెట్టె కళ్ళకు కాదని, ఫోటోలు తీసేదని చెప్పాను. పాపకు పువ్వొచ్చిందంటే మొక్కకు పూసిన పువ్వనుకున్నానని, తడిగుడ్డా నీళ్ళూ చెట్టు పువ్వుకు చెప్పిన జాగ్రత్తలని చెప్పాను. ఆ మాట చెప్పకపోయి ఉంటే నువ్వు ఆరోజే పత్తిబండి ఎక్కేదానివి, పాప కన్ను నిలిచేది అని చెప్పాను. డాక్టరు ముందు అబద్ధమాడానని కూడా చెప్పాను.

ఆమె మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

"అయితే నువ్వు కండ్లకు జూసే అయ్యోరు కాదా?"

"కాదమ్మా. నన్ను తిట్టు. నీ నోటికొచ్చినట్టు తిట్టు."

"తిడితే కన్నొస్తాదా అయ్యోరా" అంది.

బస్సువాడు హారను కొట్టాడు. ఆమె మూట ఎత్తుకుని, పాపను చంకనేసుకుని నాలుగడుగులు వేసి ఆగింది. ఏదో అర్థం కాక మిగిలిపోయినట్టుంది, వెనక్కి తిరిగింది.

"మరి ఆ చెట్ల పూలు తీసి నువ్వేం జేస్తావు?"

ఎగతాళి కాదు, కోపం కూడా కాదు. నిజంగా తెలియకనే అడిగింది. ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు ఒక్కటే మాట దొరికింది.

"చూసుకుంటానమ్మా."

"సూసుకుంటావా" అంది. కొంచెం ఆగి, "అంతేనా?" అంది.

"అంతే."

ఆమె సరేనన్నట్టు తల ఊపి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని పాపను ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కదిలింది. నేను పాపకు చెయ్యి ఊపాను. పాప ఇటు తిరగలేదు. దుమ్ము కమ్ముకునేదాకా ఊపుతూనే ఉన్నాను. నేను నిలబడింది ఆ పాపకు కుడివైపునని ఆ తర్వాత గానీ నాకు తట్టలేదు.